అర అంగుళం ఎడమకి

అంగుళం మాస్టరు లెక్క ప్రకారం ఈ లోకంలో ప్రతి మనిషికీ, ప్రతి వస్తువుకీ ఉండాల్సిన చోటు ఒక్కటే. అక్కణ్ణించి అంగుళం అటు జరిగినా ఇటు జరిగినా ఆయనకి ముద్ద దిగదు. జేబులో దర్జీ సుద్ద, మెడలో టేపు. స్నానానికి వెళ్ళేటప్పుడు ఆ టేపు తీస్తారని ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, చూసినవాళ్ళు లేరు.

ఈ సంగతి కోడలికి కాపురానికొచ్చిన మొదటి ఉదయమే తెలిసింది. టీ తాగుదామని కుర్చీ లాక్కుంటే, కుర్చీ కాళ్ళ కింద నాలుగు సుద్ద గీతలు. బాత్రూములో బకెట్టు కింద గుండ్రంగా ఓ గీత. గుమ్మం దగ్గర ఎవరి చెప్పుల జతకి వాళ్ళ గీత. వాటిలో కొత్తగా, ఇంకా పొడి రాలుతున్నది ఒకటి, సరిగ్గా తన చెప్పులంత. రాత్రికి రాత్రి తన చెప్పులు ఎప్పుడు కొలిచారో అంతుబట్టక, ఆ పిల్ల చేతిలో కప్పు జారవిడిచింది.

"కప్పు పోతే పోయింది గానీ, కుర్చీ గీత దాటింది తల్లీ, చూసుకో" అన్నారు మామగారు.

అత్తగారు ముక్కలు ఏరుతూ కోడలి చెవిలో చెప్పింది. "అలవాటైపోతుందిలే. నాకు నలభై రెండేళ్ళయింది. ఇప్పటికీ నిద్రలో పక్కకి తిరగాలంటే భయమే."

ఆయన బజారు వీధిలో దర్జీ. కోట్లకీ, స్కూలు యూనిఫారాలకీ పేరుపడ్డ కొట్టు. మనుషులకి పేర్లుంటాయన్న సంగతి ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు. "పదిహేడు భుజం వచ్చి వెళ్ళాడు", "పొట్టి చెయ్యి మళ్ళీ పోట్లాడింది" అని చెబుతారు. కోడల్ని మొట్టమొదటిసారి చూసినప్పుడు కూడా పేరూ చదువూ ఏమీ అడగలేదు. "భుజం పద్నాలుగుంపావు. కుడిది పావంగుళం వాలుంది. పాఠాలు చెప్పే చెయ్యి కదూ" అన్నారు. నిజంగానే ఆమె స్కూల్లో పాటల టీచరు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి భుజాలు చూసుకుని నిర్ఘాంతపోయింది. వాలుంది.

ఇంట్లో ఈ సుద్ద గీతల గోల సరే, సర్దుకుపోవచ్చు. బృందగాన సమాజంలో మాత్రం ఆ పిల్లకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది.

ఆ సమాజం పుట్టుకే ఓ విడ్డూరం. నలభై ఏళ్ళ కిందట ఓ సాయంత్రం, ఇస్తానన్న రోజుకి కోట్లు కుట్టివ్వలేదని నలుగురు మనుషులు ఒకేసారి మాస్టరు కొట్టు మీదికి దండెత్తి వచ్చారు. కేకలు వీధి చివరికి వినిపిస్తున్నాయి. మాస్టరు తల ఎత్తకుండా కాజాలు కుడుతూ, భయానికి ఓ కూనిరాగం అందుకున్నారు. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన, గొడవ తగ్గుతుందేమోనని, గోడ అవతలి నుంచి గొంతు కలిపాడు. దండెత్తి వచ్చినవాళ్ళలో పోస్టాఫీసులో పనిచేసే ఆవిడకి ఆ పాట వచ్చు. పాట తప్పు పాడుతున్నారని కోప్పడుతూ ఆవిడే చెయ్యి ఊపి పాడించింది. గంటయ్యేసరికి నలుగురూ కోట్ల సంగతి మరిచిపోయి ఇళ్ళకి వెళ్ళారు. మళ్ళీ వారం అడగడానికొచ్చి మళ్ళీ పాడారు. కోట్లు ఆర్నెల్లు ఆలస్యమయ్యాయి. అప్పటికి సమాజంలో పదకొండు మంది ఉన్నారు.

కొట్టు చూస్తే పదడుగుల గది. రెండు కుట్టుమిషన్లు, ఓ ఇస్త్రీ బల్ల, పదకొండు మంది గాయకులు. ఎవరైనా అంగుళం జరిగితే మోచెయ్యి ఇస్త్రీపెట్టెకి తగిలేది. గడియారాలాయన చేతిమీద ఆ తొలి రోజుల మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే మాస్టరు నేలమీద ఎవరి చోటు వాళ్ళకి సుద్దతో గీసిపెట్టారు. హార్మోనియం పెట్టడానికి చోటు లేక, ఆ సమాజం మొదటినుంచీ వాద్యాలు లేకుండానే పాడింది.

తర్వాత జనం పెరిగారు. పాత కాగితాల గోదాము మేడమీద చెక్కనేల గది దొరికింది. ఇస్త్రీపెట్టె భయం పోయింది గానీ సుద్ద గీతలు పోలేదు. మంగళ, శుక్రవారాల్లో సాధన. ఏడాదికోసారి ఆస్పత్రి వరండాలో పాట. ప్రాంతీయ పోటీలకి రెండుసార్లు వెళ్ళారు. మొదటిసారి నాలుగు జట్లలో నాలుగో స్థానం వచ్చింది. రెండోసారి మూడోది వచ్చింది, ఒక జట్టు బస్సు దారిలో చెడిపోయింది కాబట్టి.

ఓసారి రైల్వేస్టేషన్లో పాడుతుంటే, ఎవరో ప్రయాణికుడు పెట్టె తెచ్చి సరిగ్గా మాస్టరు గీసిన గీత మీద పెట్టాడు. మాస్టరు పాట ఆపించారు.

"బాబూ, నీ పెట్టె నాలుగంగుళాలు వెనక్కి."

"మీకేం అడ్డమండీ?"

"ఇరవై భుజం ఉంది నీకు. నీలాంటివాడు రెండో వరసలో నిలబడాలి గానీ, పెట్టె పట్టుకుని తిరగడమేమిటి?"

ఆ మనిషి నోరెళ్ళబెట్టి చూస్తుండగానే అతని రైలు వెళ్ళిపోయింది. అతను లారీ డ్రైవరు. అప్పట్నించీ రెండో వరసలోనే ఉన్నాడు.

పోస్టాఫీసావిడ నలభై ఏళ్ళు చెయ్యి ఊపి ఊపి భుజం అరగదీసుకుంది. ఇక చెయ్యి ఎత్తకూడదని డాక్టరు చెప్పేశాడు. కొత్త నాయకురాలు ఎవరన్న మాట వచ్చినప్పుడు, ఎప్పుడూ కొలతల గురించి తప్ప మాట్లాడని మాస్టరు లేచి, "మా కోడలు" అన్నారు. కోడలు బిత్తరపోయింది. ఆమె పాట మామగారు ఏనాడూ బాగుందనలేదు. బాగోలేదనీ అనలేదు. స్కూల్లో నలభై మంది పిల్లల గోలలో తాళం వినపడాలని కాలు దంచి పాడించే అలవాటు ఆమెది. ఆ దంచుడుకి కింది క్లాసు లెక్కల మాస్టారు రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. ఆ కాలి సంగతి మాత్రం మామగారు వివరంగా అడిగి తెలుసుకున్నారు.

ఆమెకి లోపల ఓ భయం ఉంది. కాలేజీ రోజుల్లో ఓ పోటీలో పాడిస్తూ, కంగారులో పరుగందుకుని, నాలుగు నిమిషాల పాటని రెండున్నర నిమిషాల్లో ముగించేసింది. పాడేవాళ్ళు ఎక్కడెక్కడో చెల్లాచెదురైపోయారు. ఈ సంగతి మొగుడికి ఒక్కడికే చెప్పుకుంది.

మొదటి సాధనకి వచ్చేసరికి మామగారు నేలమీద మోకాళ్ళ మీదున్నారు.

"మావయ్యగారూ, నేను మధ్యలో కదా నిలబడాలి?"

"మధ్య ఎక్కడుంది తల్లీ?"

"ఇదిగో, ఇక్కడ."

"అది గదికి మధ్య. నీ చోటు ఇది." చూపించిన గీత మధ్యనుంచి పద్దెనిమిది అంగుళాలు కుడికి ఉంది.

"అంత పక్కకా? ఎందుకు?"

"అంగుళం అంటే అంగుళమే."

"అది జవాబు కాదు మావయ్యగారూ."

"నేను ప్రశ్న వినలేదమ్మా, కొలుస్తున్నాను."

నాయకురాలిని ఓ మూలకి తోసినట్టుంది. ఆమెకి తల కొట్టేసినంత పనైంది. సరే, పెద్దాయన అని సర్దుకుంది. పాట మొదలైంది. మంచి మెత్తటి చరణం, ముప్పై ఒక్క గొంతులు ఒక్కటై సన్నగా సాగుతున్నాయి. ఇంతలో వెనక వరసనుంచి "ఆగండి" అని వినిపించింది. మాస్టరు వరసలోంచి బయటికొచ్చి, గడియారాలాయన కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, టేపు పెట్టి, "ముప్పావంగుళం" అని గొణిగి, ఆయన బూటుని రెండు చేతుల్తో పట్టుకుని పక్కకి జరిపారు. గడియారాలాయన కిక్కురుమనకుండా జరిపించుకున్నాడు. మిగతావాళ్ళు ఇదేం కొత్తా అన్నట్టు దిక్కులు చూస్తున్నారు. కొత్త నాయకురాలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే కొయ్యబారిపోయింది.

నెలలో తొమ్మిదిసార్లు అలా పాట ఆగింది. అందులో అయిదుసార్లు గడియారాలాయన బూట్ల కోసమే.

ఇంకా వింతలున్నాయి. లారీ డ్రైవరు మండుటెండలో కూడా ఖాకీ కోటు విప్పడు. అతని వెనక నిలబడే బ్యాంకు క్యాషియరుకి, డ్రైవరు వీపుకీ మధ్య పద్నాలుగంగుళాలు ఉండితీరాలి. ఇక బేకరీ తోడికోడళ్ళు. అన్నదమ్ములు బేకరీని రెండు ముక్కలు చేసుకున్నప్పుడు వీళ్ళు మాటలు మానేసి పదకొండేళ్ళయింది. ఇద్దరిదీ ఒకే స్థాయి గొంతు. పక్కపక్కన నిలబడాల్సినవాళ్ళు మొదటి వరసలో ఎడంగా నిలబడి, ఒకరు కిటికీనీ ఇంకొకరు తలుపునీ చూస్తూ పాడతారు.

అప్పుడు వచ్చింది ప్రాంతీయ సమాఖ్యవారి ఉత్తరం. ఈసారి ఏడు జట్లు, పెద్ద హాలు. వేదిక మీద ముప్పై మంది గాయకులకి మించరాదు. సమాజంలో పాడేవాళ్ళు ముప్పై ఒకరు.

కోడలు గట్టిగా నిర్ణయించుకుంది. ఈ గీతలూ గోలా పోవాలి, జట్టుని పద్ధతిగా నిలబెట్టాలి. మామగారు కొట్లో ఉన్న సమయం చూసి, బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని మేడెక్కి, నేలంతా తుడిచేసింది. తుడుస్తుంటే మొదటి వరస చోట చెక్కలో ఇంకిపోయిన పాత గీతలు కనిపించాయి. ఆ చివరనుంచి ఒక బారు, ఈ చివరనుంచి ఒక బారు, కొంచెం కొంచెంగా ఒకదానివైపు ఒకటి నడుచుకుంటూ వచ్చినట్టున్నాయి. ఇదేం పిచ్చి అనుకుని వాటినీ రుద్దింది. అవి పోలేదు.

సాయంత్రం జనం వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక, గుమ్మంలోనే గుంపుగా ఆగిపోయారు. మాస్టరు వాళ్ళని తప్పించుకుని లోపలికొచ్చి నేలకేసి చూశారు.

"నేల తుడిచారు" అన్నారు. వంగి వేలితో తడిమి, "శుభ్రంగా ఉంది" అన్నారు. కోడలు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డారు. ఆయన అరిచి ఉంటే ఆమెకి అంత గుండెదడ వచ్చేది కాదు.

ఎత్తుల ప్రకారం నిలబెట్టి, తను గదికి నడిమధ్య నిలబడి పాట ఎత్తించింది. మొదటి చరణంలోనే తోడికోడళ్ళు, భుజాలు తగిలేసరికి, ఇద్దరూ నోళ్ళు మూసేశారు. పొట్టివాడని ముందుకొచ్చిన క్యాషియరు, పన్నెండేళ్ళుగా ఒక్క ముక్క తప్పు పాడనివాడు, పల్లవి కూడా మరిచిపోయి చెమటలు కక్కాడు. అన్నిటికంటే ఘోరం గడియారాలాయన. ప్రతి పాదానికీ వెనకబడ్డాడు. పాట అయిపోయి అందరూ ఆగాక, ఆయనొక్క గొంతు గదిలో మిగిలింది.

మూడు సాధనలు చూసింది. తోడికోడళ్ళని మళ్ళీ విడదీసింది. క్యాషియరుకి కాగితం ఇచ్చింది. గడియారాలాయన మాత్రం మారలేదు. వయసైపోయింది పాపం అనుకుంది. భార్య పోయిన మనిషి, పిల్లల్లేరు, వారానికి రెండు సాయంత్రాలు ఈ గదిలోనే నలుగురితో ఉంటాడు. ఆ సంగతి తెలిసి కూడా, మనసు రాయి చేసుకుని, సాధన అయ్యాక మెట్ల దగ్గర మెల్లగా చెప్పింది.

"బాబాయిగారూ, ఈసారి వేదిక మీదికి మీరు వద్దనుకుంటున్నాం. ఏమనుకోకండి."

ఆయన హాయిగా నవ్వాడు. "అలాగే తల్లీ. శుక్రవారం తొందరగా వస్తాను."

ఆమె అది మొండితనం అనుకుంది. శుక్రవారం అదే మాట కాగితం మీద రాసి చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. నాలుగు మడతలు పెట్టి పై జేబులో దాచుకుని, "మంచిదమ్మా" అని మెట్లు దిగిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు గరిటె పట్టుకుని వంటింట్లోకి పరుగున వచ్చింది.

"మెడలో టేపు లేదే."

"ఎవరికత్తయ్యా?"

"ఇంకెవరికి? పైగా కుర్చీ రెండంగుళాలు గీత దాటింది, చూసి కూడా ఊరుకున్నారు. డాక్టర్ని పిలిపించనా?"

కోడలు వెళ్ళి ఎదురుగా కూర్చుంది. "మావయ్యగారూ, గడియారాల బాబాయిగారి విషయంలో నామీద కోపమా?"

"కోపం దేనికి? ఆ ముప్పై ఒకటో మనిషిని నేననుకో. నేను మానేస్తాను, ఆయన్ని ఉండనీ."

"సమాజం పెట్టిందే మీరు."

"కొట్టు నాది, పాట వాళ్ళది. నా గొంతు లేకపోతే ఎవరికీ చలి వెయ్యదు."

"మరి ఆయన తాళం తప్పుతున్నారు కదండీ."

"ఆయన తప్పలేదు. చోటు తప్పింది."

"అంటే?"

"చెప్పనని మాటిచ్చానమ్మా." కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

ఆదివారం పొద్దున, వేదిక ఎలా ఉందో చూసొద్దామని కోడలు పెద్ద హాలుకి వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెని ఆపాడు.

"లోపల ఇద్దరు పెద్దవాళ్ళున్నారమ్మా. ఒకాయన నేలమీద బోర్లా పడిపోయి ఉన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యనా అని దగ్గరికి వెళ్తే, పావంగుళం జరగమన్నాడు."

ఆమె పక్క తలుపు గుండా వేదిక వెనక్కి పరిగెత్తింది. అక్కడి దృశ్యం చూసి గడపలోనే ఆగిపోయింది.

మామగారు వేదిక ముందు అంచున బోర్లా పడుకుని, చెవి చెక్కకి ఆనించి, వేలికి తొడుక్కున్న దర్జీ తొడుగుతో నేలమీద టకటక కొడుతున్నారు. ఇరవై అడుగుల వెనక, ఆమెకి వీపు పెట్టి, గడియారాలాయన బూట్లు విప్పి కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. మామగారు ఒకసారి కొడితే, ఈయన బొటనవేలు కోటు గుండీ మీద ఒకసారి కొడుతోంది. రెండు కొడితే రెండు. ఈయన అంగుళం పక్కకి జరిగాడు. అవతల కొడుతూనే ఉన్నారు, బొటనవేలు ఆగిపోయింది. వెనక్కి జరిగాడు. మళ్ళీ మొదలైంది.

"బాబాయిగారూ" అని పిలిచింది.

ఆయన కదల్లేదు. రెండడుగులు దగ్గరికెళ్ళి గట్టిగా పిలిచింది. ఆయన మెడ కూడా తిప్పలేదు. మెట్ల దగ్గర తను చెప్పిన మాట, ఆయన నవ్వు, శుక్రవారం వస్తానన్న జవాబు, అన్నీ కలిపి కళ్ళముందు తిరిగాయి.

మామగారు తలెత్తి చూశారు. బట్టలు దులుపుకుని లేచి, కోడల్ని తెర పక్కకి తీసుకెళ్ళారు.

"నువ్వే కళ్ళారా చూశాక దాచేదేముంది? ఆరేళ్ళయింది" అన్నారు. "ముందు ఎడమ చెవి, తర్వాత కుడిది. గట్టిగా అరిస్తే కొంచెం అందుతుంది. పెదాలు చూసి మిగతాది నెట్టుకొస్తాడు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎలా చెబుతాడు? టిక్కుటిక్కు వినపడనివాడికి గడియారం ఎవరిస్తారు? గడియారాన్ని గోటిమీద పెట్టుకుని దాని అదురు చూస్తాడు. ఆయన బాగుచేసినది ఒక్కటి వెనక్కి రమ్మను చూద్దాం. కానీ లోకం ఊరుకుంటుందా?"

"మరి ఇన్నాళ్ళూ పాట..."

"అరికాళ్ళతో వింటాడు. మన గదిలో ఒక్కటే పొడుగు చెక్క ఉంది, ముందునుంచి వెనకదాకా. వెడల్పు ఏడంగుళాలు. ఆ చివర పాడించే మనిషి అడుగు పడితే ఈ చివర ఈయనకి అందుతుంది. చెక్క దిగాడా, అయిపోయాడు. ఇక్కడ చెక్కలన్నీ అడ్డంగా వేశారు, అందుకే కింద దూలం వెతుకుతున్నాం. దూలం అయిదంగుళాలే."

పద్దెనిమిది అంగుళాలు కుడికి. ఆమెకి మెల్లగా అర్థం కాసాగింది.

"అయితే నా చోటు..."

"ఆ చెక్క చివర అది. పోస్టాఫీసావిడ ఎత్తు మడమల చెప్పులు వేసుకునేది. ఆవిడ మానేస్తుందనగానే నాకు ఊపిరాడలేదు. మెత్తటి చెప్పుల మనిషి ఎవరైనా వస్తే ఈయన గతేంకాను? అంతలో నువ్వు కాలు దంచుతావని తెలిసింది."

"నన్ను నాయకురాలిని చేసింది నా కాలు చూసా? నా పాట చూసి కాదా?"

"పాట కూడా బాగానే ఉంటుంది తల్లీ" అన్నారు మామగారు.

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ మింగుకుని, "నేను తుడిచేసినప్పుడు ఒక్క మాట అనొచ్చు కదా" అంది.

"మాటిచ్చాను కదమ్మా. మాట కూడా అంగుళం లాంటిదే, కొంచెం జరిపితే ఎక్కడాగుతుందో తెలీదు." తర్వాత గొంతు తగ్గించారు. "ఇంకోటి. ఆ చోట్లోంచి చూస్తే డ్రైవరు భుజానికీ పక్కావిడ భుజానికీ మధ్య మూడంగుళాల సందు ఉంటుంది. అందులోంచి ఈయన బొటనవేలు కనిపిస్తుంది. భయమేస్తే నువ్వు పరిగెడతావు. ఆయన పరిగెట్టడు. ఆ వేలు చూసుకో."

"నేను పరిగెడతానని మీకెవరు చెప్పారు?"

"మావాడి నోట్లో నువ్వుగింజ నానదు."

ఆమె గడియారాలాయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. పెదాలు బాగా కనిపించేలా, "ఆ కాగితం నాకిచ్చెయ్యండి బాబాయిగారూ" అంది. ఆయన ఆమె ముఖాన్నీ, వెనక మాస్టరు ముఖాన్నీ చూశాడు. పై జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. అది జేబులో ఉండి ఉండి మెత్తబడిపోయింది. ఆమె ముక్కలు ముక్కలు చేసి కొంగున కట్టుకుంది.

మంగళవారం సాధనకి ఆమే సుద్ద కొని తెచ్చింది. మామగారి మెడలోకి టేపు తిరిగొచ్చింది. కానీ ముప్పై ఒకటో మనిషి మాట దగ్గర ఆయన తగ్గలేదు. "నలభై ఏళ్ళు వెనక వరసలో ఉండి ఒక్క గీతా సరిగ్గా చూడలేకపోయాను. వేదిక పక్కనుంచి అయితే అన్నీ కనిపిస్తాయి" అన్నారు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు. మొదటి వరస గీతలు గీసేటప్పుడు కోడలు దగ్గరుండి చూసింది. తోడికోడళ్ళ గీతలు పాతచోటు కంటే ఒక్క అంగుళం దగ్గరికి పడ్డాయి.

"మావయ్యగారూ, పదకొండేళ్ళుగా వాళ్ళని..."

"ఎనిమిదడుగుల దూరం ఉండేది. ఇప్పుడు అడుగున్నర. గట్టిగా అనకు, బెదిరిపోతారు."

పోటీ రోజు వేదిక ఎక్కడానికి చీకటి నడవాలో వరసగా నిలబడ్డారు. కోడలు వాళ్ళని ఎప్పుడూ ముందునుంచి చూసిందే గానీ వెనకనుంచి చూడలేదు. తెర సందులోంచి వెలుతురు పడి, లారీ డ్రైవరు ఖాకీ కోటు వీపు కనిపించింది. దానిమీద కాలరు కిందనుంచి నడుందాకా, ఖాకీ దారంతోనే, సన్నటి అక్షరాల్లో, పాట మొత్తం కుట్టి ఉంది. పన్నెండేళ్ళలో పాడిన పాటలన్నిటికీ పన్నెండు కోట్లు ఉన్నాయట. క్యాషియరు సిగ్గుతో తల దించుకుని, "అంకెలైతే గుర్తుంటాయండీ" అన్నాడు. ఆమెకి ఇంక ఆశ్చర్యపోవడానికి ఒంట్లో ఓపిక లేదు.

వేదిక మీద తన గీత మీద నిలబడింది. వెనక హాలు నిండా జనం దగ్గుతున్నారు. నాలుగు నిమిషాల పాట గొంతులో అప్పుడే పరుగుకి సిద్ధంగా ఉంది. అప్పుడు డ్రైవరు భుజం పక్కన, మూడంగుళాల సందులో, ఇత్తడి గుండీ మీద ఆగి ఉన్న ఓ ముసలి బొటనవేలు కనిపించింది. దానికి ఏ తొందరా లేదు. ఆమె ఊపిరి పీల్చుకుని, కాలెత్తి, దూలం మీద దంచింది.

నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాలే పట్టింది. చివరి మాట ముప్పై మందీ ఒక్కసారే ఆపారు. హాల్లో ఒక్క గొంతు కూడా మిగల్లేదు.

జనం చప్పట్లు కొడుతుంటే అందరూ వంగి నమస్కారం చేశారు. అడుగున్నర దూరంలో ఉన్న తోడికోడళ్ళ తలలు ఠప్పున ఢీకొన్నాయి.

"చూసుకోవద్దూ?" అంది చిన్నావిడ, నుదురు రుద్దుకుంటూ.

"నువ్వు చూసుకో ముందు" అంది పెద్దావిడ.

తెర పక్కన మాస్టరు కొయ్యబారిపోయారు. ఆయన ఆశ్చర్యపోవడం కోడలు చూడటం అదే మొదటిసారి. "మాట్లాడుకున్నారు" అని గొణిగి, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

మూడో స్థానం వచ్చింది. ఈసారి ఎవరి బస్సూ చెడిపోలేదు.

అందరూ సర్దుకుంటుండగా గడియారాలాయన కోడలి దగ్గరికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "చాలా బాగా నడిపించావు తల్లీ. నీ అడుగు పట్టుకునే వచ్చాను, అంతే. నేను చేసిందేం లేదు."

"అదేమిటి బాబాయిగారూ, నేను మీ వేలు పట్టుకుని..." అని ఆగిపోయింది. ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆమె తిన్నగా మామగారి దగ్గరికి నడిచింది. ఆయన వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో గీతలు చెరుపుతున్నారు.

"మావయ్యగారూ, నేను ఆయన్ని చూసి నడిచాను. ఆయన నన్ను విని నడిచారు. మరి తాళం ఎవరిది?"

మాస్టరు తలెత్తి కోడల్ని కాసేపు చూశారు. ఈ ప్రశ్న మాత్రం ఆయన విన్నారు.

"అది నన్నడక్కు. నేను అంగుళాలే చూస్తాను" అన్నారు. "ముందు అర అంగుళం ఎడమకి జరుగు. గీత తొక్కుతున్నావు."

ఆమె జరిగింది.